వెలుగు పోయిన పటం

చుక్కాని గదిలోకి ఎవరు వచ్చినా బదవీ లాప్‌టాప్ మూత దించేస్తాడు. వచ్చింది ఎవరని చూడడు. అడుగుల చప్పుడు వినగానే చెయ్యి దానంతట అదే మూత మీదికి పోతుంది. మా రేవు ఊరు ఎజ్బెత్ ఎల్-బుర్జ్‌లో రయ్యిస్‌లందరిదీ అదే అలవాటు. బోటు నడిపేవాణ్ణి మేము రయ్యిస్ అంటాం. రయ్యిస్ తన పటాన్ని తోడబుట్టినవాడికి కూడా చూపించడు.

ఆ పొద్దున నేను ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజల గిన్నె, రొట్టె పట్టుకుని వెళ్ళాను. మూత పడింది. గిన్నె పెట్టి వెనక్కి తిరిగాను. వెనక మూత తెరిచిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదు బాబాయ్."

బదవీ మా అన్న కొడుకు. చిన్నప్పుడు పడవ మీంచి పడి కాలు విరిగినప్పుడు కూడా ఏం కాలేదనే అన్నాడు. వెనక్కి వచ్చి చూశాను. తెర నల్లగా ఉంది.

మా బోటుకు ఆ లాప్‌టాపే కళ్ళు. గది పైకప్పు మీద ఒక చిన్న డబ్బా ఉంటుంది. మేమెక్కడున్నామో అది ఆకాశాన్ని అడిగి తెలుసుకుంటుంది. తీగ గుండా తెర మీదికి పంపిస్తుంది. లాప్‌టాప్ వెయ్యగానే తెర మీద సముద్రం పటం, పటంలో మా బోటు ఎర్రచుక్క. చుట్టూ మా అన్న, అన్న తర్వాత బదవీ పోగేసిన గుర్తులు. మునిగిన ఓడలు, వల చింపే రాళ్ళు, రొయ్య దొరికే బురదలు. అన్నిటికీ అవతల ఒక గీత. గీతకు ఇవతలి నీళ్ళు మావి. అవతలివి ఇంకో దేశానివి.

ఆ గీత పక్కన బదవీ ఒక పేరు రాసుకున్నాడు. సాబిత్ అని. అది నా కొడుకు పేరు.

సాబిత్ వేరేవాళ్ళ బోటులో పనికి పోయాడు. ఆ బోటు గీత దాటింది. గస్తీ పడవ వచ్చి అందరినీ పట్టుకుపోయింది. ఎన్నాళ్ళకో వదిలారు. వాడికి ఎడమ చెవి వినపడదు ఇప్పుడు. తలుపు మూస్తే నిద్రపోలేడు. చలికాలం కూడా వీధి తలుపు బార్లా తీసే ఉంటుంది. వాడి పెళ్ళాం పిల్లల మీద దుప్పట్లు ఎక్కువ కప్పుతుంది, అంతే. అక్కడ ఏం చేశారని నేను అడగలేదు. వాడూ చెప్పలేదు. నీళ్ళ దగ్గరికి మళ్ళీ రాలేదు.

అందుకని ఆ నల్ల తెర చూడగానే తలుపులోంచి బయటికి, గీత వైపు చూశాను. మేమున్నది గీతకు దగ్గర్లోనే. రెండు మూడు రోజులుగా చేప అక్కడే పడుతోంది.

తెర తిక్క అప్పుడు మొదలైంది కాదు. పటం ప్రోగ్రాంలో కొత్తది వచ్చింది. అది పాత విండోస్ మీద నడవనంది. బయల్దేరేముందు బదవీ దాన్ని దమియెత్తా పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చి కొత్త విండోస్ వేయించాడు. దుకాణంలో బాగానే వెలిగింది. నీళ్ళమీదికి వచ్చాక వణకడం మొదలుపెట్టింది. అక్షరాలు ఒకసారి చీమలంత, ఒకసారి బొద్దింకలంత. ఫోన్ అందే చోట ఉన్నప్పుడే బదవీ దుకాణానికి ఫోన్ చేశాడు. పక్కనే ఉండి విన్నాను.

"గ్రాఫిక్స్ డ్రైవర్ రయ్యిస్," అన్నాడు దుకాణం అతను. "తెరకీ విండోస్‌కీ మధ్య మాటలు మోసేవాడు అనుకో. నీ మెషీన్ పాతది, విండోస్ కొత్తది. వీడి మాట వాడికి అర్థం కావట్లేదు. తిరిగొచ్చాక తీసుకురా, పాత డ్రైవర్ వెతికి వేస్తాను. అందాకా మూత మాత్రం మూయకు. మూస్తే నిద్రపోతుంది. లేవకపోవచ్చు."

అప్పట్నించీ వాడు మూయలేదు. గదిలోకి ఎవరైనా వస్తే చేత్తో తెరకు అడ్డం పెట్టేవాడు. ఆ పొద్దున చెయ్యి మర్చిపోయింది.

బయట ఎడారి ఇసుక మోసుకొచ్చే ఖమాసీన్ గాలి లేచింది. రాత్రి గాలి లేదు. తెల్లారేసరికి ఆకాశం, నీళ్ళు ఒకే పసుపు. పళ్ళ మధ్య ఇసుక కరకరమంటోంది. బోటు ముందుకొస నిలబడితే వెనక్కొస కనిపించదు. వల నీళ్ళలో ఉంది. ఇంజన్ దాన్ని లాగుతోంది. గాలి మమ్మల్ని గీత వైపే నెడుతోంది.

బదవీ లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. మొదట కంపెనీ బొమ్మ తెల్లగా వెలిగింది. ఇద్దరం ఊపిరి వదిలాం. చిన్న చుక్కలు గుండ్రంగా తిరిగాయి. విండోస్ మొదలయ్యే చోటికి వచ్చేసరికి ఎవరో దీపం ఊదేసినట్టు ఆరిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. ప్రతిసారీ ఆ బొమ్మ ఆశ చూపించి, మమ్మల్ని ముందరికన్నా చీకట్లో వదిలిపెట్టేది.

ఇంజన్ చూసే నషాత్ తలుపులోంచి తల పెట్టాడు. చేతులు నూనె, మొహం ఇసుక.

"ఏంటి రయ్యిస్, మీ ఆవిడ ముసుగేసుకుందా?"

"నోరు ముయ్."

"మూశాను. కానీ లోపల గంట మోగుతోంది, విను. అదిగో, చప్పుడు చేస్తోంది కదా. లోపల ప్రాణం ఉంది. వెలుగే లేదు."

"వెలుగు లేకపోతే నాకెందుకది?"

"మా బావమరిది ఫోన్‌కి ఇట్టాగే అయింది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే లోపల బొమ్మ కనిపించింది. దెయ్యం లాగా. తెర చచ్చిపోలేదు రయ్యిస్. తెర వెనక దీపం ఆరిపోయింది. ఎవరో దీపం వెయ్యమని చెప్పడం మానేశారు."

"నీ ఫోన్‌లో చూడకూడదా మనమెక్కడున్నామో?" అని నేను నషాత్‌ని అడిగాను.

వాడు ఫోన్ తీసి చూపించాడు. నీలం తెర, మధ్యలో చుక్క. ఇంకేమీ లేదు. "నెట్ లేదు బాబాయ్. అంకెలు చెబుతుంది. ఆ అంకెల్లో గీత ఎక్కడుందో నీకు తెలుసా? నాకు తెలీదు. అది రయ్యిస్ గారి పెట్టెలోనే ఉంది."

బదవీ నా ఫోన్ తీసుకుని టార్చి వేశాడు. పగటి వెలుతురు పడి తెరమీద మా మొహాలే కనిపించాయి. నేను నా దుప్పటి తెచ్చాను. బదవీ దాన్ని లాప్‌టాప్ మీద, తలమీద కప్పుకోబోయి ఆగాడు. నషాత్ వైపు చూశాడు.

"నువ్వు బయటికి పో. చుక్కాని దగ్గర ఫర్గలీని నిలబెట్టు. దిక్సూచి చూసి నడపమను."

"బాగుంది. ఉపాయం నాది, సినిమా మీరు చూస్తారు."

"పో."

"బాబాయ్ ఉండొచ్చా?"

"బాబాయ్‌కి చదువు రాదు."

ఆ మాటకు నేనేమీ అనుకోలేదు. మూడు తరగతులు చదివినవాడికి అది పెద్ద తప్పు మాట కాదు.

దుప్పటి కింద ఇద్దరం దూరాం. నల్లటి ఉక్క. డీజిల్ వాసన, వాడి చెమట వాసన. ఫోన్ టార్చి నా చేతిలో పెట్టాడు. పక్కకు వంచి పట్టుకోమన్నాడు. తెరమీద వెలుగు ఒక అరచెయ్యి మేర పడింది. ఆ అరచెయ్యి మేర సముద్రం కనిపించింది.

బూడిదరంగులో, సరిగ్గా నషాత్ చెప్పినట్టే, దెయ్యంలా. టార్చి కదిపితే కనిపించింది మాయమయ్యేది, పక్కది తేలేది. బదవీ నా మణికట్టు పట్టుకుని మెల్లగా జరిపాడు. రాళ్ళ గుర్తులు దాటాయి. ఒక మునిగిన ఓడ దాటింది. ఎర్రచుక్క దొరికింది. ఎర్రగా లేదు, మాసిన రక్తంలా ఉంది. అది మేము.

ఇంకా జరిపాడు. గీత తగిలింది. దాని పక్కన అక్షరాలు. ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. సాబిత్.

చుక్కకీ గీతకీ మధ్య చోటుంది. బాగానే ఉంది. 

"ఇవతలే ఉన్నాం," అన్నాను. "అల్లాహ్ దయ."

 బదవీ ఊపిరి నా చెంపకు తగులుతోంది. టార్చి వెలుగులో వాడి కంటిరెప్పలు ఆడటం కనిపిస్తోంది.

"బాబాయ్," అన్నాడు. గొంతు బయటికి వినపడకూడదన్నట్టు. "గీత అక్కడ లేదు."

"మరి? రాసుందిగా."

"లాప్‌టాప్ దుకాణంలో ఇచ్చే ముందు గుర్తులు జరిపాను. వాళ్ళు కాపీ చేసి అమ్ముకుంటారు, నీకు తెలియంది కాదు. ఎవడైనా కొనుక్కుంటే వాడి వలలు చిరిగి చావాలని జరిపాను. ఎంత జరిపానో నా తలలో ఉంది. అన్నిటినీ కలిపి పట్టుకుని ఒకేసారి లాగాను. గీతా వాటితోపాటే వచ్చింది."

"వచ్చాక సరిచెయ్యలేదా?"

"తిరిగొచ్చాక చేద్దామనుకున్నాను. తెర వెలుగుతున్నంతసేపూ తలలోనే తీసేసి నడిపాను. తెర ఆరాక గాలి ఎంత నెట్టిందో ఈ చీకట్లో ఇప్పుడు చూస్తున్నాను."

బొటనవేలు తెరమీద పెట్టాడు, గీత దగ్గర. దాని పక్కన మళ్ళీ బొటనవేలు, ఇవతలికి. ఇంకోసారి. వేలు ఎర్రచుక్కని దాటింది.

"ఎక్కడుంది?" అన్నాను, తెలిసి కూడా.

"మన వెనక."

దుప్పటి తీశాడు. పసుపు వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది. చుక్కాని పట్టుకున్న ఫర్గలీ మా ఇద్దరి మొహాలు చూసి నవ్వబోయి మానేశాడు. అతను మా బోటులో అందరికన్నా లావు మనిషి. ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. ఆ పూట నమలడం ఆపాడు.

"వల వదిలెయ్యండి," అన్నాడు బదవీ.

"ఎత్తడమా?"

"ఎత్తితే ఎంతసేపు పడుతుంది? వదిలెయ్యండి. తీగతో సహా."

"రయ్యిస్, వల మొత్తమా? చేప నిండా పడి ఉంటుంది."

"ఫర్గలీ. మనం అవతల ఉన్నాం."

 నషాత్ తీగ చుట్టే చక్రం బిగింపు వదిలాడు. తీగ గరగరమంటూ నీళ్ళలోకి జారింది. చివరి ముడి తెగి బోటు వెనక్కొస ఒక్కసారి పైకి లేచింది. ఆ వల సగం నేను కుట్టింది. అటు చూడలేదు.

బోటు వెనక్కి తిప్పే ముందు బదవీ ఇంజన్ ఆపించాడు. వినడానికి. సముద్రం మీద కళ్ళు పనిచెయ్యనప్పుడు మేము చేసేది అదే. అందరం నోళ్ళు తెరిచి నిలబడ్డాం. నోరు తెరిస్తే చెవి బాగా వింటుంది. ఇసుక నాలుక మీద పడుతోంది.

ముందు ఏమీ లేదు. చెక్కకు నీళ్ళు కొట్టుకుంటున్నాయి. తర్వాత కుడివైపు, దూరంగా, ఒక ఇంజన్. నాలుగు దెబ్బలు సరిగ్గా కొట్టి ఐదోది దగ్గుతుంది.

"అవద్," అన్నాడు నషాత్. "ఆ దగ్గు వాడిదే. ఆ సిలిండర్ మార్చమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో."

అవద్ మా వీధివాడే. 'బరకా' అనే బోటుకు రయ్యిస్. వాడికీ బదవీకీ పడదు. చిన్నప్పట్నించీ పడదు. ఎందుకో ఇద్దరూ మర్చిపోయి ఉంటారు.

ఆ చప్పుడు మమ్మల్ని దాటుకుని లోపలికి పోతోంది. గీతకు అవతలికి. నిదానంగా, వల లాగుతూ, ఇంటి పెరట్లో తిరుగుతున్నట్టు పోతోంది.

బదవీ మొహంలో రంగు పోయింది. నాకూ అర్థమైంది. దుప్పటి బయట చెవి పెట్టి విన్నాడేమో, నషాత్‌కీ అర్థమైంది.

"కొన్నాడు," అన్నాడు నషాత్ మెల్లగా. "నీ గుర్తులు కొన్నాడు రయ్యిస్. నీ గీత పట్టుకునే నడుస్తున్నాడు."

బదవీ వైర్లెస్ మౌత్‌పీస్ తీశాడు. పట్టుకుని నిలబడ్డాడు. వాడేం ఆలోచిస్తున్నాడో అందరికీ తెలుసు. మేము మాట్లాడేది వినేది మేమొక్కళ్ళమే కాదు. గస్తీవాళ్ళు కూడా వింటారు. రెండు బోట్లు ఉన్నాయని తెలుస్తుంది. ఎక్కడున్నామో వెతకడం మొదలుపెడతారు. ఇంజన్ వేసి నోరు మూసుకుని వెళ్ళిపోతే మేము బయటపడొచ్చు.

"రయ్యిస్," అన్నాడు ఫర్గలీ. "నాకు నలుగురు పిల్లలు."

"వాడికీ ఉన్నారు," అన్నాడు బదవీ. మీట నొక్కాడు.

"అవద్. వినపడుతోందా?"

గరగర. తర్వాత నవ్వు. "రయ్యిస్ బదవీ గారా. పొద్దున్నే మీ గొంతు. ఏం పుణ్యం చేసుకున్నానో."

"వల వదిలి వెనక్కి తిప్పు. నువ్వు అవతల ఉన్నావు."

"నేనా? నా తెరమీద గీత ఇంకా ఎంతో దూరం ఉంది. నీ కళ్ళకేమైనా అయిందేమో చూపించుకో."

"నీ తెరమీద గీత పక్కన ఒక పేరు రాసుంది. చదువు."

మీట వదిలి, మళ్ళీ నొక్కాడు.

"సాబిత్ అని రాసుంది," అన్నాడు బదవీ. "ఆ పేరు నేను రాసుకున్నది. ఇంకెవరి పటంలో ఉంటుంది? దుకాణం సంగతి తర్వాత. ఆ గుర్తులన్నీ నేను జరిపాను. గీత కూడా జరిగింది. తిప్పు."

గరగర. గొంతులో ఇప్పుడు నవ్వు లేదు, కోపం ఉంది. "జరిపావా. ఎంత బాగా చెబుతున్నావు. ఇక్కడ చేప పడుతోంది. నేను పోతే నువ్వు ఒక్కడివే లాక్కుంటావు. నీ అబద్ధాలు నేను చిన్నప్పట్నించీ చూస్తున్నాను."

"మొన్న నీ వల చిరిగిందా లేదా? శుభ్రమైన బురద అని చూపించిన చోట?"

"వలలు చిరుగుతాయి. అందరివీ చిరుగుతాయి."

"అవద్, వల్లాహి..."

"ఒట్టెయ్యకు. నిన్ను నమ్మను."

బదవీ మౌత్‌పీస్ దించాడు.  నేను వాడి చేతిలోంచి తీసుకున్నాను. వైర్లెస్‌లో నేనెప్పుడూ మాట్లాడలేదు. మీట ఎక్కడుందో నషాత్ వేలితో చూపించాడు.

"అవద్," అన్నాను. "నేను మిత్వల్లీని."

"బాబాయ్?" అన్నాడు.

"మా సాబిత్ ఇంటి తలుపు నువ్వు రోజూ చూస్తావు."

గరగర ఒక్కటే.

"తిప్పు," అన్నాను.

మీట వదిలేశాను. అందరం నోళ్ళు తెరిచి విన్నాం. నాలుగు దెబ్బలు, దగ్గు. నాలుగు దెబ్బలు, దగ్గు. మారలేదు. ఫర్గలీ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. తర్వాత ఆ చప్పుడు ఒక్కసారి తగ్గింది. మళ్ళీ లేచింది, ఈసారి బరువు లేకుండా, వల లేని బోటులా.

"వదిలాడు," అన్నాడు నషాత్. "తిప్పుతున్నాడు."

అప్పుడే మూడో చప్పుడు వినపడింది.

అది చేపల బోటు కాదు. సన్నగా, గబగబా, తెంపు లేకుండా. ఎటువైపో తెలియలేదు. ఇసుకలో చప్పుడుకు దిక్కుండదు.

ఇంజన్ ఆపి దాక్కుందామంటే గాలి లోపలికి నెడుతుంది. వేస్తే వాళ్ళకు వినపడుతుంది. బదవీ ఇంజన్ వేయించాడు. నడక అంత నిదానంగా. చుక్కాని తనే పట్టుకున్నాడు. నన్ను చూశాడు.

"బాబాయ్, దుప్పటి కిందికి వెళ్ళు."

వెళ్ళాను. వాడు తల, చెయ్యి లోపలికి పెట్టి టార్చి వెలుగులో తెర వెతికాడు. ఒకచోట నా బొటనవేలు పట్టుకుని గాజుకు అదిమాడు. "అసలు గీత ఇక్కడ. వేలు తియ్యకు. చుక్క నీ వేలి కిందికి వస్తుంది. ఇవతలి పక్కనుంచి బయటికి వచ్చాకే చెప్పు. ముందు చెప్పకు."

దుప్పటి మూసుకుంది.

ఒక చేతిలో టార్చి. ఇంకో చేతి వేలు తెరమీద. తెర గోరువెచ్చగా ఉంది. చుక్క నా గోటికి కొంచెం దూరంలో ఉంది. కదులుతోందో లేదో తెలియదు. గోడ మీద తేలుని చూసినట్టు చూశాను. నాకు కళ్ళు దానిమీదే. చెవులు బయట. బయట ఎవరూ మాట్లాడటం లేదు. ఆ సన్నని చప్పుడు పెరిగింది. తగ్గింది. మళ్ళీ పెరిగింది.

టార్చి పచ్చబడటం మొదలైంది. ఫోన్‌లో ఛార్జి అయిపోతోంది.  వెలుగు అరచెయ్యి మేర నుంచి పావలా బిళ్ళ అంతకు కుంగింది. నేను టార్చిని తెరకు ఇంకా దగ్గర పెట్టాను.

ఉక్కలో ఊపిరాడలేదు. నాకు సాబిత్ గుర్తొచ్చాడు. మూసిన తలుపు వెనక వాడు ఇలాగే పడుకుని బయటి చప్పుళ్ళు విని ఉంటాడు. ఏ అడుగు తన గది ముందు ఆగుతుందా అని. నేను వాణ్ణి ఎప్పుడూ అడగలేదు. అడక్కుండానే ఆ పూట తెలిసింది. దుప్పటి విసిరేసి బయటికి పోవాలనిపించింది. వేలు తియ్యకు అన్నాడు. తియ్యలేదు.

చప్పుడు పక్కకు వచ్చింది. మా చెక్కలు దానికి సన్నగా అదురుతున్నాయి. ఏదో వెలుగు దుప్పటి నేతలోంచి తెల్లగా లోపలికి వచ్చి, నా చేతి మీదుగా పాకి, పోయింది. బయట ఎవరో ఊపిరి లోపలికి లాగి వదల్లేదు.

తెరమీద చుక్క నా గోటి అంచుకు తగిలింది.

కిందికి పోయింది. ఇక కనిపించలేదు. నా వేలి కింద మేమందరం ఉన్నాం. బదవీ, నషాత్, ఫర్గలీ, అతని నలుగురు పిల్లల అన్నం. వేలు ఎత్తి చూడాలని ఎంత అనిపించిందో. ఎత్తితే అసలు గీత ఎక్కడో మళ్ళీ ఎవరికీ తెలియదు.

టార్చి ఆరిపోయింది.

చీకట్లో వేలు అక్కడే ఉంచాను. ఏమీ కనిపించదు. చుక్క వచ్చిందో రాలేదో చెప్పేవాళ్ళు లేరు. గొంతు తెరిచి పిలవడానికి భయం. చప్పుడు ఇంకా దగ్గర్లోనే ఉంది. ఎడమ చేత్తో నా నడుం దగ్గర ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. పొయ్యి అంటించే లైటర్ తగిలింది. వంటవాడి జేబులో అది ఎప్పుడూ ఉంటుంది. దుప్పటి కింద దాన్ని వెలిగిస్తే ఏమవుతుందో తెలుసు. వెలిగించాను.

చిన్న పసుపు మంట. తెరమీద నా వేలు కొండంత నల్లగా కనిపించింది. దాని ఇవతలి అంచున, మాసిన రక్తంలాంటి చుక్క సగం బయటికి వచ్చి ఉంది. చూస్తుండగా మిగతా సగం వచ్చింది.

దుప్పటి అంచు కమిలిన వాసన వచ్చింది.

"వచ్చింది," అన్నాను. "బదవీ, వచ్చింది."

ఇంజన్ ఒక్కసారి గట్టిగా అరిచింది.

కొండ చాటున నీళ్ళు లోపలికి చొచ్చిన ఖాడీలో లంగరు వేసేసరికి మధ్యాహ్నం దాటింది. గాలి తగ్గింది గాని ఇసుక ఇంకా గాల్లోనే వేలాడుతోంది. ఎవరూ తినలేదు. టీ పెట్టాను, అది తాగారు. నషాత్ కమిలిన దుప్పటి చూసి, "బాబాయ్ మనల్ని గస్తీ నుంచి తప్పించి కాల్చి చంపబోయాడు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు.

అందరం ఖాడీ నోటివైపే చూస్తున్నాం. బరకా రాలేదు.

బదవీ ముందుకొసన ఒక్కడే కూర్చున్నాడు. పక్కకు వెళ్ళి కూర్చున్నాను.

"నేను వాడి వలలు చిరగాలనుకున్నాను," అన్నాడు. "అంతే బాబాయ్. వలలే."

  టీ గ్లాసు వాడి చేతిలో పెట్టాను. వాడు తాగలేదు. చేతులు వెచ్చచేసుకున్నాడు, ఆ ఎండలో.

చాలాసేపటి తర్వాత విన్నాను. అందరికన్నా ముందు నేను విన్నానని కాదు, అందరం ఒక్కసారే లేచి నిలబడ్డాం. నాలుగు దెబ్బలు, దగ్గు.

బరకా ఇసుకలోంచి మెల్లగా బయటికి వచ్చింది. వల లేదు. గది అద్దం ఒకటి పగిలి ఉంది. చెక్కలో కొత్త తూటా చిల్లులున్నాయి. మనుషుల్ని లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు. అవద్ బోటును మా పక్కకు తెచ్చి ఆనించాడు. తాడు విసిరాడు. బదవీ అందుకుని కట్టాడు. 

అవద్ మా బోటులోకి దూకాడు. జేబులోంచి దుకాణంలో కొన్న వేలి గోరంత పెన్‌డ్రైవ్ తీసి బదవీ అరచేతిలో పెట్టాడు.

"ఎంత జరిపావు?" అన్నాడు.

బదవీ వాడి మొహం చూశాడు. వెనక రెండు బోట్లవాళ్ళూ నిలబడి ఉన్నారు. రయ్యిస్ ఒకడు తన లెక్క ఇంకో రయ్యిస్‌కి చెప్పడం మా ఊళ్ళో నేనెప్పుడూ వినలేదు.

బదవీ చెప్పాడు. గట్టిగా, అందరికీ వినపడేలా. ఎటు జరిపాడో, ఎంత జరిపాడో.

అవద్ తల ఊపాడు. "రాళ్ళవి కూడానా?"

"అన్నీ."

"నా వల..."

"తెలుసు."

"ఒరే బదవీ, నీ అంత వెధవని నేను చూడలేదు," అన్నాడు అవద్.  డెక్కు మీదే కూలబడి చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. బదవీ వాడి పక్కన కూర్చున్నాడు.

ఖాడీలో ఫోన్ అందుతుంది. నషాత్ నా ఫోన్‌కి తన తీగతో ఛార్జి పెట్టాడు. అది ప్రాణం పోసుకోగానే మోగింది. సాబిత్. ఇసుక గాలి అని ఎవరో చెప్పి ఉంటారు. ఊళ్ళో అందరూ ఫోన్లు చేస్తూ ఉంటారు.

కుడి చెవికి పెట్టుకుని వింటాడు వాడు. అందుకని నేను ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాను. ఆ రోజు ఫోన్ చెవికి అదుముకుని విన్నాను.

"నాన్నా," అన్నాడు. వాడి వెనక వీధి చప్పుడు వినపడుతోంది. బండివాడి కేక, పిల్లల అరుపులు. తలుపు తీసే ఉంది. "నాన్నా, వినపడుతోందా? ఎక్కడున్నారు?"

బొటనవేలు చూసుకున్నాను. లైటర్ మంటకు పక్కన చర్మం ఎర్రగా పొంగింది.

"ఇవతల," అన్నాను. "ఇవతలే ఉన్నాం రా."